డయాలసిస్‌లో ఉన్నవారికి శ్వాస కండరాల వ్యాయామం: మొదటి రోజు నుంచి పన్నెండో వారం దాకా

నీరు తీయించుకుని డ్రై వెయిట్‌కి (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువుకి) వచ్చారు, హిమోగ్లోబిన్ కూడా ఫరవాలేదన్నారు. అయినా ఒక అంతస్తు మెట్లు ఎక్కేసరికి ఆయాసం. డయాలసిస్ యూనిట్‌లో ఈ మాట చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. కిడ్నీలు పనిచేయనప్పుడు తొడల కండరాలు చిక్కిపోవడం కంటికి కనిపిస్తుంది. గాలి పీల్చే కండరాలు కూడా అలాగే నీరసిస్తాయి, కాకపోతే అవి లోపల ఉంటాయి కాబట్టి ఎవరికీ తట్టదు. రక్తంలో మిగిలిపోయే వ్యర్థాలు, యాసిడ్, తిండిలో తగ్గిన ప్రోటీన్, విటమిన్ డి లోపం, రోజులో ఎక్కువ సేపు పడుకునే ఉండటం, ఇవన్నీ కలిసి చేసే పని అది.

గాలి పీల్చేటప్పుడు అడ్డుపడే చిన్న పరికరంతో ఆ కండరాలకు కొలిచిన బరువు పెట్టి బలం తెప్పించవచ్చు. ఎలా చేయాలని అడిగేవాళ్ల కోసమే ఇదంతా. ఒకటి మాత్రం ముందే చెప్పాలి: దీనివల్ల క్రియాటినిన్ తగ్గదు, డయాలసిస్ తప్పదు, సిట్టింగులు తగ్గవు. నడక కొంత తేలికవుతుంది, మెట్లెక్కేటప్పుడు ఆయాసం తగ్గుతుంది. అంతవరకే ఆశించండి.

1. ఆయాసం నీటిదా, కండరానిదా?

ఈ ప్రశ్న తేలకుండా పరికరం కొనొద్దు. డయాలసిస్ వాళ్లలో ఆయాసానికి మొట్టమొదట అనుమానించాల్సింది ఒంట్లో చేరిన నీటినే. ఊపిరితిత్తుల్లో నీరుండగా శ్వాస వ్యాయామం చేస్తే ఉపయోగం లేకపోగా ప్రమాదం.

కింది వాటిలో ఒక్కటున్నా అది నీటి ఆయాసం అయ్యుండొచ్చు:

- వెల్లకిలా పడుకోలేకపోవడం, రెండు మూడు దిండ్లు కావలసి రావడం
- రాత్రి నిద్రలో ఊపిరాడక లేచి కూర్చోవడం
- పాదాలు, మొహం ఉబ్బడం
- డయాలసిస్‌కి ముందు రోజు ఎక్కువై, డయాలసిస్ అవగానే తేలికపడే ఆయాసం
- రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగిన బరువు డ్రై వెయిట్‌లో 4 శాతం దాటడం (50 కిలోల మనిషికి 2 కిలోలు)

డయాలసిస్ పూర్తయి, డ్రై వెయిట్‌కి వచ్చిన మర్నాడు కూడా నడిస్తే ఆయాసం వస్తోందా? అప్పుడు రక్తం, గుండె, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో డాక్టర్ చూడాలి. ఛాతీ ఎక్స్‌రే, ఎకో, హిమోగ్లోబిన్ చాలావరకు దారి చూపిస్తాయి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం, గుండె చుట్టూ నీరు చేరడం డయాలసిస్ వాళ్లలో అరుదేమీ కాదు. హిమోగ్లోబిన్ 10 కంటే బాగా కిందుంటే ముందు ఐరన్, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ల సంగతి చూసుకోవాలి. డ్రై వెయిట్ కూడా ఒకసారి రాసి వదిలేసేది కాదు. తిండి తగ్గి కండ కరిగిపోయినవాళ్లకు పాత డ్రై వెయిట్ మీదే నీరు తీస్తుంటే, లోపల లీటరో రెండు లీటర్లో అలాగే ఉండిపోతుంది.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా ఆయాసం మిగిలితే, కండరం సంగతి చూద్దాం.

2. ఇప్పుడే మొదలుపెట్టకూడనివాళ్లు

డాక్టర్ ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. ఈ కింది జాబితాను నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) దగ్గరికి తీసుకెళ్లి ఒక్కొక్కటీ అడగండి.

- ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, కదలకుండా ఉన్నా ఛాతీ నొప్పి వస్తున్నవాళ్లు
- బీపీ 180/110 దాటి అదుపులో లేనివాళ్లు
- ఎప్పుడైనా ఊపిరితిత్తిలో గాలి బుడగ పగిలి, ఊపిరితిత్తి కుంచించుకుపోయినవాళ్లు
- ఛాతీకి, పొట్టకు, కంటికి ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు
- దగ్గితే రక్తం పడుతున్నవాళ్లు, టీబీకి మందులు ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు, జ్వరం ఉన్నవాళ్లు
- కర్ణభేరికి (చెవి లోపలి పొరకు) రంధ్రం ఉన్నవాళ్లు
- షుగర్ వల్ల కంటి లోపల రక్తం కారినవాళ్లు

చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. మన దగ్గర డయాలసిస్‌కి వచ్చేవాళ్లలో షుగర్ పేషెంట్లు ఎక్కువ, వాళ్లలో చాలామందికి కంటి రెటీనా కూడా దెబ్బతిని ఉంటుంది. లేజర్ చేయించుకున్నా, కంట్లో ఇంజెక్షన్ వేయించుకున్నా కంటి డాక్టర్‌ని కూడా ఒక మాట అడగండి. ఊపిరి బిగబట్టి ముక్కడం వాళ్లకు అసలు మంచిది కాదు.

3. ఏ పరికరం కొనాలి, ఏది వద్దు

కోవిడ్ రోజుల్లో కొన్న మూడు బంతుల పరికరం చాలా ఇళ్లలో ఇంకా ఉంది. దానితో సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. దానిమీద రాసి ఉండే 600, 900, 1200 అంకెలు గాలి వేగాన్ని చెబుతాయి, కండరం మీద పడే బరువును కాదు. మెల్లగా పీలిస్తే కండరానికి పనే ఉండదు. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తి విప్పారడానికి అది మంచిదే, బలం పెంచడానికి కాదు.

మీకు కావాల్సింది స్ప్రింగ్ వాల్వ్ ఉన్న త్రెషోల్డ్ రకం. మీరు పెట్టుకున్న అంకెకు సరిపడా బలంగా లాగితేనే వాల్వ్ తెరుచుకుని గాలి లోపలికి వస్తుంది. మెల్లగా లాగినా, వేగంగా లాగినా బరువు మారదు. ఫిలిప్స్ వాళ్ల త్రెషోల్డ్ ఐఎంటీలో స్కేలు 9 నుంచి 41 సెంటీమీటర్ల నీటి పీడనం వరకు ఉంటుంది. డయాలసిస్ వాళ్లలో చాలామందికి ఆ స్కేలు చాలు. పవర్‌బ్రీత్ లాంటివి అంతకంటే పైకి వెళతాయి.

ఆన్‌లైన్‌లో దొరికే చౌక పరికరాల్లో రెండు డయల్స్ ఉంటాయి, ఒకటి పీల్చడానికి, ఒకటి వదలడానికి. వదిలే డయల్‌ని అతి తక్కువలో పెట్టి వదిలేయండి. డయల్ మీద 1, 2, 3 అని మాత్రమే ఉండి పీడనం అంకె లేకపోతే అది కొనకపోవడమే మేలు. ఎంత బరువు పెట్టామో తెలియని వ్యాయామంలో, ఎంత పెంచామో కూడా తెలియదు.

కొనేముందు చూసుకోండి:

- పీడనం అంకెలు స్పష్టంగా ఉన్నాయా
- మౌత్‌పీస్ ఊడదీసి కడగడానికి వీలుందా
- నోస్ క్లిప్ వచ్చిందా
- ఒక్క చేత్తో పట్టుకోగలిగేంత తేలికగా ఉందా (రెండో చెయ్యి మెషీన్‌కే పోతుంది)

4. బలం కొలిపించుకోవడం, లోడ్ (పెట్టే బరువు) లెక్క

ఎంత బరువు పెట్టాలనేది మీరు గరిష్ఠంగా ఎంత బలంగా లాగగలరన్న దానిమీద ఆధారపడుతుంది. పెద్ద ఆస్పత్రుల ఊపిరితిత్తుల విభాగంలోనూ, కొందరు ఫిజియోథెరపిస్టుల దగ్గరా దీన్ని కొలిచే మీటర్ ఉంటుంది. ‘గరిష్ఠ ఇన్‌స్పిరేటరీ ప్రెషర్’ అని అడగండి, ఎంఐపీ అన్నా తెలుస్తుంది.

పరీక్ష ఇలా ఉంటుంది: ముక్కుకు క్లిప్ పెట్టి, గాలంతా బయటికి ఊదేయమంటారు. తర్వాత మూసి ఉన్న మౌత్‌పీస్‌ని ఎంత బలంగా వీలైతే అంత బలంగా లాగి, కనీసం ఒకటిన్నర సెకను అలాగే పట్టి ఉంచాలి. మధ్యలో నిమిషం విశ్రాంతి ఇస్తూ మళ్లీ మళ్లీ చేయిస్తారు, దగ్గరదగ్గరగా మూడు అంకెలు వచ్చేదాకా. వాటిలో ఎక్కువ వచ్చినదే మీ అంకె. మొదటిసారి అందరూ తక్కువే లాగుతారు. ఒకే ఒక్క ప్రయత్నంతో అంకె రాసి పంపేస్తే ఒప్పుకోకండి.

ఆ అంకె 80 సెంటీమీటర్ల నీటి పీడనం దాటితే పెద్ద బలహీనత లేదనే అనుకోవాలి. అంతకన్నా బాగా తక్కువ వచ్చినవాళ్లకే ఈ వ్యాయామం ఎక్కువ ఫలితం ఇస్తుంది.

లెక్క తేలిక. మీ అంకె 60 అనుకోండి:

- 30 శాతం అంటే 18
- 40 శాతం అంటే 24
- 50 శాతం అంటే 30

మొదలుపెట్టేది 30 శాతంతో. ఇంకా బలహీనంగా ఉన్న మనిషికి ఎంఐపీ 30 వచ్చిందంటే 30 శాతం 9 అవుతుంది, పైన చెప్పిన స్కేల్లో అదే అన్నిటికంటే కింది అంకె. అంతకంటే తక్కువ వస్తే పరికరం పక్కనపెట్టి కొన్ని వారాలు ఐదో అంశంలో ఉన్నదే చేయండి, ఫిజియోథెరపిస్ట్ పక్కనుంటే ఇంకా మంచిది.

మీటర్ దొరకలేదా? ఫిజియోథెరపిస్ట్ దగ్గర కూర్చుని, అతి తక్కువ అంకెతో పది శ్వాసలు తీసుకోండి. ఎంత కష్టమనిపించిందో 0 నుంచి 10 లోపు చెప్పండి. 0 అంటే ఏమీ లేదు, 10 అంటే ఇక నా వల్ల కాదు. 3 లేదా 4 అనిపించేదాకా అంకె కొంచెం కొంచెంగా పెంచి, అక్కడ ఆగండి. మొదటి వారం అదే మీ లోడ్. ఇది కొలతకు సమానం కాదు కానీ, గుడ్డిగా తిప్పేదానికంటే చాలా నయం.

5. పరికరం ముట్టుకోకముందు: పొట్టతో ఊపిరి

ఆయాసం అలవాటైనవాళ్లు మెడతో, భుజాలతో గాలి పీలుస్తారు. ఆ పద్ధతిలోనే పరికరం నోట్లో పెట్టుకుంటే బలపడేది మెడ కండరాలు. అందుకని మొదటి మూడు నాలుగు రోజులు ఉత్త ఊపిరే.

1. వీపు ఆనించి కూర్చోండి, లేదా తలవైపు ఎత్తిన మంచం మీద పడుకోండి.
2. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో చేసిన రక్తనాళం) ఉన్న చేతిని బరువు పడకుండా ఊరికే ఆనించండి చాలు.
3. ముక్కుతో మెల్లగా పీల్చండి. పొట్ట మీద చెయ్యి లేవాలి, ఛాతీ మీద చెయ్యి పెద్దగా కదలకూడదు.
4. వేడి టీ చల్లార్చుతున్నట్టు పెదాలు సున్నాలా చుట్టి వదలండి. వదిలే సమయం పీల్చే సమయానికి రెట్టింపు ఉండాలి.
5. ఇలా ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు.

పొట్ట లేవకపోతే ఒక పల్చటి పుస్తకం పొట్ట మీద పెట్టి దాన్ని లేపుతున్నానా లేదా అని చూసుకోండి. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

6. మెషీన్ మీద ఎప్పుడు, ఎలా

డయాలసిస్ నాలుగు గంటల్లో అన్ని గంటలూ ఒకటి కాదు. నీరు తీస్తున్నకొద్దీ మూడో గంట నుంచి బీపీ పడిపోయే అవకాశం పెరుగుతుంది, కాళ్లు పట్టేస్తాయి, నీరసం వస్తుంది. కాబట్టి వ్యాయామం మొదటి రెండు గంటల్లోనే అయిపోవాలి. నేనైతే మెషీన్ ఎక్కిన అరగంటకు, బీపీ ఒకసారి చూసి కుదురుగా ఉందన్నాక మొదలుపెట్టమంటాను.

టిఫిన్ సంగతి కూడా ఉంది. చాలా యూనిట్లలో గంట గడిచేసరికి ఇడ్లీ పొట్లాలు విప్పుతారు. తిన్నాక రక్తం పొట్టవైపు మళ్లి బీపీ ఇంకా తగ్గుతుంది, నిండిన పొట్టతో డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే శ్వాస కండరం) సరిగ్గా కిందికి దిగదు. ముందు వ్యాయామం, తర్వాత టిఫిన్. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం ఖాళీ కడుపుతో చేయకుండా, ఎప్పుడు తినాలో డాక్టర్‌ని అడిగి ఆ ప్రకారం సర్దుకోండి.

మొదలుపెట్టేముందు ఈ చెక్‌లిస్ట్:

- ఈరోజు బరువు రాశారా, పెరిగింది ఎప్పటిలాగే ఉందా
- పై బీపీ 100కి, 180కి మధ్య ఉందా (మీ డాక్టర్ వేరే హద్దు చెప్పి ఉంటే అదే)
- ఫిస్టులా లేని చేతి వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 92 పైన చూపిస్తోందా
- తల తిరగడం, ఛాతీ నొప్పి, వికారం లేవు కదా
- టెక్నీషియన్‌కి లేదా సిస్టర్‌కి ‘మొదలుపెడుతున్నా’ అని చెప్పారా

ఫిస్టులా చేతి వేళ్లకు రక్తం కొంత తగ్గి ఆక్సిమీటర్ తప్పు చూపించవచ్చు, అందుకే రెండో చెయ్యి.

భంగిమ: మంచం తలవైపు సగం దాకా ఎత్తించుకోండి. కాళ్లు చాపి, మోకాళ్ల కింద చిన్న దిండు. ఫిస్టులా చెయ్యి చాపి, సూదులు గుచ్చిన చోటు దుప్పటి కింద దాక్కోకుండా అందరికీ కనిపించేలా ఉండాలి. పరికరం పట్టుకునేది రెండో చెయ్యే. ఊపులో సూదుల చెయ్యి వంగితే మెషీన్ అలారం మోగుతుంది, సూది జరిగితే చేతిలో వాపు వస్తుంది.

మెడలో క్యాథెటర్ ఉన్నవాళ్లకు: పర్మక్యాత్‌తో డయాలసిస్ చేయించుకునేవాళ్లు కూడా ఈ వ్యాయామం చేయొచ్చు. కానీ లైన్లు కలిపేటప్పుడు, విప్పేటప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పరికరంతో గట్టిగా పీల్చినప్పుడు ఛాతీ లోపల వాక్యూమ్‌లాంటి స్థితి వస్తుంది. ఆ క్షణంలో క్యాథెటర్ తెరిచి ఉంటే బయటి గాలి నేరుగా రక్తంలోకి లాగేసుకుంటుంది, ప్రాణం మీదికొస్తుంది. సర్క్యూట్ అంతా బిగించి, మెషీన్ నడుస్తూ, క్లాంపులు, కనెక్షన్లు సిస్టర్ చూశాకే పరికరం బయటికి తీయండి.

7. ఒక్క శ్వాస, సరిగ్గా

ఈ ఒక్కటీ కుదిరితే మిగతావి వాటంతట అవే వస్తాయి. తొందరపడకండి.

1. అంకె సరిగ్గా ఉందో చూసి, ముక్కుకు క్లిప్ పెట్టండి.
2. మౌత్‌పీస్ చుట్టూ పెదాలు బిగించండి. కట్టుడు పళ్లు వదులుగా ఉంటే గాలి పక్కల నుంచి పోతుంది, సరిచేసుకోండి.
3. మెల్లగా గాలంతా వదిలేయండి. ముక్కి ఊదొద్దు.
4. ఇప్పుడు పొట్ట ముందుకు వచ్చేలా గట్టిగా, ఒక్క ఊపులో పీల్చండి. మొదట ఏమీ రాదు. అర క్షణం గోడను లాగుతున్నట్టే ఉంటుంది. అప్పుడు వాల్వ్ తెరుచుకుని ‘స్స్’ అని గాలి వస్తుంది.
5. ఆ చప్పుడు ఆగిపోకుండా ఛాతీ నిండేదాకా పీల్చండి. రెండు సెకన్లు పడుతుంది.
6. పరికరం నోట్లోనే ఉంచి, మూడు నాలుగు సెకన్లు మెల్లగా వదలండి. ఇక్కడ బరువేమీ ఉండదు.
7. ఒక్క క్షణం ఆగి తర్వాతి శ్వాస. నిమిషానికి పది పన్నెండు దాటకూడదు.

పక్కన నిలబడి చూసేవాళ్లు రెండే చూడాలి: భుజాలు, బుగ్గలు. ‘బాబాయ్, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, ఒకసారి దింపి మళ్లీ పీల్చండి’ అని ఎవరో ఒకరు చెబితే చాలు, మనిషి వెంటనే సర్దుకుంటాడు. తనకు తానుగా మాత్రం కనిపెట్టలేడు. బుగ్గలు లోపలికి సొట్టపడుతున్నాయంటే లాగుతున్నది నోటి కండరాలు, ఛాతీ కాదు. రెండో చెయ్యి లేదు కాబట్టి బుగ్గలు నొక్కిపట్టుకోవడం కుదరదు, పెదాలు ఇంకాస్త ముందుకు చుట్టి బిగించండి. మొదటి వారం ఫోన్ కెమెరా ముందు పెట్టి చేసినా తప్పేం లేదు.

8. పన్నెండు వారాల ప్రణాళిక

ఇది మామూలుగా నడిచే దారి. మీ ఫిజియోథెరపిస్ట్ మార్చమంటే మార్చండి.

- 1వ వారం: 30 శాతం లోడ్, 10 శ్వాసలు, 2 విడతలు. విడతల మధ్య 1 నుంచి 2 నిమిషాల విశ్రాంతి.
- 2వ వారం: అదే లోడ్, 10 శ్వాసలు, 3 విడతలు.
- 3, 4 వారాలు: 40 శాతం, 10 శ్వాసలు, 3 విడతలు.
- 5 నుంచి 8 వారాలు: 40 శాతంతో మొదలుపెట్టి 50 శాతానికి, 12 నుంచి 15 శ్వాసలు, 3 విడతలు.
- 9 నుంచి 12 వారాలు: 50 శాతం, 15 శ్వాసలు, 3 విడతలు. 60 శాతం దాకా వెళ్లాలంటే ఫిజియోథెరపిస్ట్ పక్కన ఉండాలి.

పెంచడానికి, తగ్గించడానికి సూత్రం ఒకటే. అన్ని శ్వాసలూ పూర్తయి, కష్టం 10లో 3 లేదా అంతకంటే తక్కువ అనిపించడం వరుసగా రెండు రోజులు జరిగితే స్కేలు మీద 2 పెంచండి. 7 అనిపించినా, వాల్వ్ మధ్యలో మూసుకుపోతున్నా 2 తగ్గించండి. 4 నుంచి 6 మధ్య ఉంటే అక్కడే ఉండండి. ప్రణాళికలో ఏ వారం రాసి ఉందన్నది కాదు, ఈ అంకె చెప్పిందే మాట.

నాలుగు వారాలకోసారి ఎంఐపీ మళ్లీ కొలిపించాలి. 60 ఉన్నది 72 అయిందనుకోండి, 40 శాతం ఇప్పుడు 29 అవుతుంది. పాత 24 దగ్గరే ఉండిపోతే కండరానికి ఆ బరువు చాలదు. వ్యాయామం ఫలించలేదని మానేసేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయినవాళ్లు.

9. మెషీన్ లేని రోజుల్లో ఇంట్లో

వారానికి మూడుసార్లు డయాలసిస్ జరిగేవాళ్లకు ఆ మూడు రోజులతో పాటు ఇంట్లో ఇంకో రెండు రోజులు చేస్తే మంచిది. మన రెండు రాష్ట్రాల్లో వారానికి రెండుసార్లే చేయించుకునేవాళ్లు చాలామంది. వాళ్లకు ఇంటి రోజులు మూడు కావాలి. ఉద్దానం లాంటి చోట్ల ఊరి నుంచి సెంటర్‌కి వెళ్లి రావడంతోనే ఒక రోజు గడిచిపోతుంది. మెషీన్ మీద అలసిపోతే ఆరోజు వదిలేసి, మర్నాడు పొద్దున ఇంట్లో చేసుకోండి. అది అన్నిటికంటే మంచి సమయం కూడా: నీరు తీసి ఉంటుంది, రాత్రి నిద్రపోయి ఉంటారు.

ఇంటి రోజుకు నియమాలు:

- కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకు ఆనించి
- అన్నం తిన్న రెండు గంటల తర్వాతే
- ఇంట్లో ఒకరు పక్కన ఉండగా
- ముందు బరువు చూసుకుని; డ్రై వెయిట్ మీద బాగా పెరిగి ఉంటే ఆరోజు వద్దు
- రెండు రోజుల ఎడం వచ్చినప్పుడు రెండో రోజు సాయంత్రం నుంచి డయాలసిస్ అయ్యేదాకా వద్దు

పొట్ట ద్వారా చేసే పెరిటోనియల్ డయాలసిస్ వాళ్లకు వేరే లెక్క. పొట్టలో ద్రవం నిండుగా ఉండగా డయాఫ్రమ్ పైకి నొక్కుకుని ఉంటుంది, గట్టిగా పీల్చడం ఇబ్బంది. ద్రవం బయటికి తీశాక, కొత్తది ఎక్కించకముందు చేసుకోవచ్చునేమో డాక్టర్‌ని అడగండి. లైన్లు కలిపే పని మాత్రం శుభ్రంగా ముగించి క్లాంపులు వేశాకే. బొడ్డు దగ్గరో గజ్జల్లోనో హెర్నియా ఉంటే డాక్టర్ చూసేదాకా మొదలుపెట్టొద్దు.

10. తరచూ జరిగే తప్పులు, వాటి మందు

తల తేలిపోతున్నట్టుంది. గబగబా పీలుస్తున్నారు. ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోండి. తగ్గాక శ్వాసకు శ్వాసకు మధ్య ఎక్కువ ఎడం ఇవ్వండి. మెషీన్ మీద ఉండగా వస్తే మాత్రం అది బీపీ పడిపోవడం కాదని మీరు తేల్చేయకండి. ముందు సిస్టర్‌ని పిలవండి.

నోరు ఆరిపోతోంది, దాహం. ఇది డయాలసిస్ వాళ్లకు నిజంగా చిక్కే. నోటితో పీల్చడం వల్ల నాలుక పిడచకట్టుకుపోతుంది, చెయ్యి నీళ్ల సీసా మీదికి పోతుంది. వ్యాయామానికి ముందూ తర్వాతా నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి, మింగొద్దు. ముందు రోజు ఊరగాయ, అప్పడం తిన్నవాళ్లకు దాహం రెట్టింపు. వ్యాయామం పేరు చెప్పి తాగే నీళ్లు పెరిగితే మొదటికే మోసం.

వదిలేటప్పుడు ముక్కడం. బరువు పీల్చడానికే. వదలడం మెల్లగా, ఖాళీ చేస్తున్నట్టు. గాలి బిగబట్టి మొహం ఎర్రబడుతుంటే బీపీ ఎగురుతుంది.

రోజూ అదే అంకె. పైన చెప్పాను, ఫలితం ఆగిపోవడానికి మొదటి కారణం.

వారంలో వదిలేసి ఆదివారం అన్నీ కలిపి చేయడం. కండరం నొప్పి తప్ప మిగిలేది ఉండదు. తప్పిన రోజు తప్పిందే, దాన్ని తీర్చబోకండి.

దవడ నొప్పి, చెవిలో ఒత్తిడి. మౌత్‌పీస్‌ని పళ్లతో కొరికి పట్టుకుంటున్నారు. పెదాలతో పట్టుకోండి. చెవి ఒత్తిడి తగ్గకపోతే లోడ్ తగ్గించండి, అయినా ఉంటే ఆపి చూపించుకోండి.

పక్కటెముకల మధ్య సలుపు. మొదటి వారం కాస్త ఉండటం మామూలే, కొత్తగా పనిచేసిన కండరం కదా. రెండు రోజుల్లో తగ్గాలి. గుచ్చినట్టు ఒకేచోట నొప్పి వచ్చి ఊపిరి తీస్తే పెరుగుతుంటే అది వేరే సంగతి, కింద చూడండి.

11. వెంటనే ఆపాల్సినవి

మెషీన్ మీద ఉంటే సిస్టర్‌ని పిలవండి, ఇంట్లో ఉంటే ఆస్పత్రికి ఫోన్ చేయండి. 108 అవసరమైతే ఆలస్యం చేయకుండా పిలవండి.

- ఛాతీ నొప్పి, బిగుతు, ఎడమ చెయ్యో దవడో లాగడం
- హఠాత్తుగా ఒకవైపు గుచ్చినట్టు నొప్పి, ఊపిరి అందకపోవడం
- పై బీపీ 20 పాయింట్లు పడిపోయి కళ్లు తిరగడం, ఆవలింతలు, చెమటలు
- ఆక్సిమీటర్ 90 కిందికి రావడం
- గుండె దడ, కొట్టుకోవడం తప్పుతున్నట్టు ఉండటం
- చూపు మసకబారడం, కళ్ల ముందు నల్లటి తీగలు తేలడం
- సూదుల దగ్గర వాపు, రక్తం

చెమట, వణుకు షుగర్ పడిపోవడం వల్ల కూడా కావచ్చు, గ్లూకోమీటర్‌తో చూడాలి. డయాలసిస్ తప్పిన వారంలో కాళ్లూ చేతులూ బరువెక్కి ఆయాసం వస్తే అది కండరాల బలహీనత అనుకుని వ్యాయామం చేయకండి. పొటాషియం పెరిగి ఉండొచ్చు. అది అత్యవసరం, నేరుగా ఆస్పత్రికే.

12. పరికరం శుభ్రత

ఒక మనిషికి ఒక పరికరం. డయాలసిస్ యూనిట్‌లో ఇన్‌ఫెక్షన్ల భయం ఎప్పుడూ ఉండేదే, పక్క బెడ్ వాళ్లకు ‘ఒకసారి చూడండి’ అని ఇవ్వకండి. వాడిన ప్రతి రోజూ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు రెండు చుక్కలు వేసి మౌత్‌పీస్, బాడీ కడిగి, మంచి నీళ్లతో తొలిచి, గుడ్డ మీద గాలికి ఆరనివ్వండి. మరిగే నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది, స్ప్రింగ్ అంకె మారుతుంది. పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి. జలుబు, దగ్గు వస్తే తగ్గేదాకా ఆపి, మళ్లీ వాడేముందు ఇంకోసారి కడగండి.

13. ఫలితం చూసుకోవడం, పన్నెండో వారం తర్వాత

ఒక చిన్న నోట్‌బుక్ చాలు. ప్రతిసారీ ఆరు గడులు: తేదీ, డయాలసిస్‌కి ముందు బరువు, బీపీ ముందూ తర్వాతా, లోడ్ అంకె, శ్వాసలు, కష్టం 10లో ఎంత.

నెలకోసారి పరీక్ష. ఎంఐపీతో పాటు, చేతులు కట్టుకుని కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. వీలుంటే ఆస్పత్రి వరండాలో ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించండి. ఇక్కడ ఒక మెలిక ఉంది: మొదటిసారి డయాలసిస్ మర్నాడు పరీక్షిస్తే, ప్రతిసారీ డయాలసిస్ మర్నాడే పరీక్షించాలి. ఒకసారి నీరు నిండి, ఒకసారి నీరు తీసి పోల్చుకుంటే వచ్చే తేడా నీటిది, వ్యాయామానిది కాదు.

ఎంఐపీ పెరిగినా నడక మారలేదంటే కాళ్లు వెనకబడి ఉన్నాయన్నమాట. మెషీన్ మీదే పడుకుని మడమలు పైకీ కిందికీ ఆడించడం, ఒక్కో మోకాలు వంచి చాపడం, ఇంట్లో కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టండి. శ్వాస వ్యాయామం దానికి బదులు కాదు.

పన్నెండు వారాల తర్వాత మానేస్తే వచ్చిన బలం మెల్లగా పోతుంది. వారానికి రెండు మూడు రోజులు, చివరి లోడ్ మీదే కొనసాగిస్తే నిలబడుతుంది. డయాలసిస్ రోజులకు ముడిపెట్టుకుంటే మర్చిపోరు. జ్వరం, ఆస్పత్రి అడ్మిషన్, కొత్త ఫిస్టులా ఆపరేషన్ లాంటివాటితో వారం ఆగితే లోడ్ కొంచెం తగ్గించి మళ్లీ పెంచుకోవచ్చు. రెండు వారాలు దాటితే పాత అంకెకు వెళ్లొద్దు. డాక్టర్‌ని అడిగి, ఎంఐపీ మళ్లీ కొలిపించుకుని, 30 శాతం నుంచి మొదలుపెట్టండి.